విత్తనం ఎవరింట్లో ఉంది?

(గుంటూరులో డిగ్రీ విద్యార్థినుల సభలో వ్యవసాయ విషయాలు రాసే ఒక పాత్రికేయురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి ఎత్తిరాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అమ్మాయిలు ముందుకు వచ్చేయండి, ఈ రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. మేడమ్ గారూ, ఆ కిటికీ కొంచెం తెరిపించండి, పిల్లలు ఉక్కపోతతో అల్లాడుతున్నారు.

నాకు ఇచ్చిన విషయం పర్యావరణ పరిరక్షణలో మహిళల నాయకత్వం. ఈ మాట అనగానే మన కళ్ల ముందు మెదిలే బొమ్మలు కొన్ని ఉన్నాయి. మొక్కలు నాటే అమ్మాయిలు, గుడ్డసంచులు కుట్టే అక్కలు, మట్టి వినాయకుణ్ణి చేసే పిల్లలు, ర్యాలీలో ముందు వరసలో బ్యానరు పట్టుకున్నవాళ్లు. ఇవన్నీ మంచి పనులు. నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ ఒక్కటి అడుగుతాను. మొక్క నాటింది మీరు. ఏ మొక్క నాటాలో తేల్చింది ఎవరు? ఎక్కడ నాటాలో తేల్చింది ఎవరు? అది పెరిగి చెట్టయ్యాక కొట్టేయాలా ఉంచాలా అన్నది తేల్చేది ఎవరు? పని మన చేతుల్లో ఉంది. నిర్ణయం ఎవరి చేతుల్లో ఉంది? ఈ గంటసేపూ నేను ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాను.

చిప్కో గురించి మీరు స్కూల్లో చదివే ఉంటారు. 1974 మార్చి 26న, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రేణి గ్రామంలో గౌరాదేవి, ఆమెతో ఉన్న ఆడవాళ్లు చెట్లు కొట్టేవాళ్లకు అడ్డం నిలబడ్డారు. ఆ రోజు ఊళ్లో మగవాళ్లు లేరు. నష్టపరిహారం ఇస్తామంటే చమోలీ వెళ్లారు. అడవి కొట్టేవాళ్లు అదే అదను అనుకున్నారు. ఊళ్లో ఆడవాళ్లే ఉన్నారు కదా, ఏం చేస్తారులే అనుకున్నారు. వాళ్లు ఏం చేశారో ప్రపంచానికి తెలుసు. కెన్యాలో వంగారి మాథాయ్ 1977లో పల్లె ఆడవాళ్లతో చెట్లు నాటించడం మొదలుపెట్టారు, 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇవి మీ పరీక్షల్లో వచ్చేవే కాబట్టి వీటి దగ్గర ఆగను. ఇవాళ మనకి బాగా దగ్గర్లో ఉన్న కొంతమంది ఆడవాళ్ల గురించి చెప్పాలని వచ్చాను. మన భాష మాట్లాడేవాళ్లు. మనకే ఎక్కువమందికి తెలియనివాళ్లు.

జహీరాబాద్ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. పర్వాలేదు, చాలామందే ఉన్నారు. హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా వెళ్తే వస్తుంది. కర్ణాటక సరిహద్దు. ఒకప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ కృష్ణా కాలవ లేదు, గోదావరి కాలవ లేదు. మీలో డెల్టా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఒక్కసారి ఊహించుకోండి. గులకరాళ్లు కలిసిన ఎర్రనేల. వాన పడితే పంట, పడకపోతే లేదు. ఆ ఎర్రనేలలో కూడా బాగా సారం తగ్గిపోయిన ముక్క ఎకరమో రెండెకరాలో దళిత కుటుంబాలకు వచ్చింది. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి. ఊళ్లో ఎవరికీ పనికిరానిది కాబట్టే వాళ్లదాకా వచ్చిన భూమి.

1983లో అక్కడ పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మొదలైంది. మొదలుపెట్టిన మిత్రుల్లో పి.వి. సతీష్ గారు ఒకరు. మైసూరు మనిషి, దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పనిచేశారు. 2023 మార్చిలో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం న్యాయం కాదు. అయితే ఆ సంస్థ నడిచింది సంఘాల మీద. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు. దాదాపు 75 ఊళ్లలో, ఐదు వేలమంది వరకు. ఎక్కువమంది దళిత మహిళలు, ఎక్కువమంది బడి మొహం చూడనివాళ్లు. పగలంతా కూలికి పోయి, వంట చేసి, పిల్లలకి పెట్టి, రాత్రి పూట దీపం దగ్గర కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు.

వాళ్లు ఏం మాట్లాడుకున్నారు? పర్యావరణం గురించా? కాదమ్మా. ఆకలి గురించి.

ఇది మీరు కొంచెం శ్రద్ధగా వినాలి. పర్యావరణం అంటే కడుపు నిండినవాళ్ల వ్యవహారం అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. ఇక్కడ ఆకలి గురించి మాట్లాడటం మొదలుపెట్టి, అదే దారిలో నేల దగ్గరికి, విత్తనం దగ్గరికి, చెట్టు దగ్గరికి వచ్చారు. వాళ్లు వేరేగా పర్యావరణం దగ్గరికి వెళ్లాల్సిన పని లేకపోయింది.

ఆ కథ జొన్నతో మొదలుపెడతాను. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకం కోట్లమందికి అన్నం పెట్టింది, దాన్ని నేను కాదనను. మీ అమ్మమ్మల్ని అడగండి, ఆ బియ్యం విలువేమిటో చెప్తారు. కానీ జహీరాబాద్ లాంటి మెట్ట ప్రాంతాల్లో ఇంకోటి కూడా జరిగింది. రేషన్ షాపులో బియ్యం చవగ్గా దొరుకుతుంటే జొన్న ఎందుకు పండించాలి? జొన్నకి ధర లేదు. కొనేవాడు లేడు. జొన్న చేలు మెల్లమెల్లగా బీడు పడ్డాయి. చేను బీడు పడితే చేలో కూలి కూడా పోయింది. జొన్న పోతే సొప్ప పోయింది. సొప్ప పోతే పశువు పోయింది. పశువు పోతే ఎరువు పోయింది. ఎరువు లేని ఎర్రనేల ఏమవుతుంది? ఇంకా బీడవుతుంది. చూశారా, ఒక గింజ పోతే వెనకాల ఎన్ని పోతాయో. పైగా ఎక్కడో కాలవల కింద నీళ్లు పెట్టి పండించిన బియ్యం లారీల్లో వాళ్ల ఊరికి రావాలి. వాళ్ల సొంత నేల మాత్రం వాళ్ల కళ్ల ముందే ఖాళీగా పడి ఉంటుంది.

సంఘాల ఆడవాళ్లు ఈ ముడి ఎక్కడుందో పట్టుకున్నారు. తొంభైల మధ్యలో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నుంచి వచ్చిన డబ్బుతో, ముప్ఫైకి పైగా ఊళ్లలో ఒక పని చేశారు. ఊళ్లో బీడుపడ్డ చేలు ఎక్కడెక్కడ ఉన్నాయో వాళ్లే గుర్తుపట్టారు. ఆ చేను గల రైతుకి దున్నడానికి, ఎరువుకి, విత్తనానికి, కలుపుకి అప్పు ఇచ్చారు. ఆ అప్పు డబ్బుగా తీర్చక్కర్లేదు, కొన్నేళ్లపాటు జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలు బస్తీకి పోవు. ఊళ్లోనే నిలవ చేస్తారు. పనులు లేని రోజుల్లో, వానాకాలంలో గింజ నిండుకున్నప్పుడు, ఊళ్లో పేదలకి తక్కువ ధరకి ఇస్తారు.

ఆ పేదలు ఎవరు? ఆ లిస్టు ఎవరు రాస్తారు? మన ఊళ్లలో ఇలాంటి లిస్టు వస్తే ఎంత టెన్షనో మీకు తెలుసు. ఎవరి పేరుంది, ఎవరి పేరు పోయింది, ఎవరు ఎవరికి చుట్టం. అక్కడ ఏం చేశారంటే, ఊరి ఆడవాళ్లు బహిరంగంగా కూర్చుని, రంగులతో నేల మీద ఊరు మొత్తం ముగ్గు వేసినట్టు గీశారు. ఇంటింటికీ ఒక గుర్తు. ఈ ఇంట్లో భూమి ఉందా? ఈమెకి భర్త ఉన్నాడా? పిల్లలు బడికి పోతున్నారా, పనికి పోతున్నారా? ఈ ముసలామెకి చూసేవాళ్లున్నారా? అందరి ముందూ తేల్చుకున్నారు. బాగా లేనివాళ్లకి ఎక్కువ గింజలు, కాస్త ఉన్నవాళ్లకి తక్కువ. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి కార్డు రంగే కనిపిస్తుంది. పొరుగింటి పొయ్యి రాత్రి వెలిగిందో లేదో పొరుగింటామెకి తెలుస్తుంది.

ఇది నాయకత్వం కాదా? మైకు లేదు, దండ లేదు, కుర్చీ లేదు. ఊళ్లో ఎవరు ఆకలితో ఉన్నారో తేల్చే అధికారం దళిత ఆడవాళ్ల చేతికి వచ్చింది. దానివల్ల బీడు చేలు పచ్చబడ్డాయి. ఈ రెండూ ఒకే పని అని నేను మీకు చెప్పదలచుకున్నాను. చేను పచ్చబడటం వేరు, ఆమెకి అధికారం రావడం వేరు అని విడదీయలేం.

ఎకరంలో ఇరవై పంటలు

ఇప్పుడు చేలోకి పోదాం. మీలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? సగానికి పైనే. మీ నాన్నగారు ఏం వేస్తారు? మిర్చి. పత్తి. మిర్చి. వరి. ఆ చివర్లో పాప పొగాకు అంది, వినిపించింది. ఎవరైనా రెండు పంటలు కలిపి చెప్పారా? చెప్పలేదు. ఒక చేను, ఒక పంట. మనకి అదే అలవాటైపోయింది.

జహీరాబాద్ సంఘం ఆడవాళ్ల చేలో ఎకరానికి పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై పైచిలుకు పంటలు ఉంటాయి. వింటుంటే నమ్మబుద్ధి కాదు. పచ్చజొన్న, కంది, కొర్ర, సామ, సజ్జ, తైదలు, తైదలంటే మన రాగులే, పెసర, మినుము, అనుములు, బెబ్బర్లు, నువ్వులు, పుంటికూర. యాసంగిలో, అంటే చలికాలపు పంటకాలంలో, తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిశె. యాసంగి పంటలు కొన్ని నేలలో మిగిలిన తడితో, చలికాలపు మంచుతో పండుతాయి. నీళ్లు పెట్టరు, బస్తా ఎరువు వేయరు.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తాను, సైన్సు విద్యార్థినులు ఉన్నారు కదా. కొర్ర, సామ మూడు నెలల్లో చేతికొస్తాయి. జొన్నకి నాలుగు నెలలు పైగా పడుతుంది. కంది ఆరేడు నెలలు నిలబడుతుంది. అంటే ఆగస్టు, సెప్టెంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా ఇంట్లోకి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. మధ్యలో ఇరవై రోజులు వాన మొహం చాటేసిందనుకోండి, ఒకటి పోతుంది, ఇంకోటి నిలబడుతుంది. జొన్న వేరు పైపొరల్లో వెతుక్కుంటుంది, కంది వేరు లోతుకి దిగుతుంది. కంది, పెసర, అనుములు గాలిలో నత్రజనిని వేళ్ల బుడిపెల్లోకి తెచ్చి నేలకి ఇస్తాయి. అందుకే యూరియా బస్తా కోసం క్యూలో నిలబడక్కర్లేదు. పురుగొస్తే ఎక్కువగా ఒక పంట మీదకే వస్తుంది, పక్క మొక్క చాలాసార్లు దానికి తిండి కాదు. వాతావరణ మార్పు తట్టుకునే వ్యవసాయం గురించి ఇవాళ పెద్ద పెద్ద సమావేశాల్లో మాట్లాడుతున్నారు. చాలాభాగం ఇదే.

దీనికి తోడు ఎవరూ విత్తని కూరలు. తుమ్మికూర, పొన్నగంటి, దొగ్గలికూర, జొన్నచెంచలి, ఎలుకచెవి కూర. మనకి ఇవి కలుపు. మందు కొట్టి చంపేస్తాం. వాళ్లకి ఇవి రాత్రి కూర. చేలో కలుపుమందు పడితే మొట్టమొదట పోయేది, కొనుక్కుని తినలేని ఆడవాళ్ల పళ్లెంలోని ఆకుకూర. కలుపుమందు కొట్టాలా వద్దా అని మగవాళ్లు తేలిస్తే ఈ లెక్క రాదు. ఎందుకంటే ఆ కూర కోసుకొచ్చేది వాళ్లు కాదు. అందుకే మళ్లీ అడుగుతున్నా, ఎవరు తేలుస్తున్నారు?

ఇక విత్తనం. ఆ ఊళ్లలో విత్తనాల బ్యాంకులున్నాయి. బ్యాంకంటే ఏసీ గది అనుకోకండి. ఒకామె ఇల్లు. వెదురు బుట్టలు, వాటికి పేడ, మట్టి కలిపి మెత్తిన అలుకు. గింజల్లో బూడిద, వేపాకు కలిపి, గాలి చొరకుండా మూస్తారు. దాదాపు ఎనభై రకాల విత్తనాలు ఈ ఇళ్లలో ఉన్నాయి. డబ్బుకి అమ్మరు. ఒకామెకి విత్తనం కావాలంటే తీసుకుంటుంది, పంట వచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ తిరిగి ఇస్తుంది. కోతకి ముందే చేలో తిరిగి మంచి కంకుల్ని ఎంచేది ఆడవాళ్లే. ఏ కంకి గింజ గట్టిదో, ఏ రకం వానకి తట్టుకుంటుందో, ఏది రొట్టెకి బాగుంటుందో, ఏ సొప్ప పశువు ఇష్టంగా తింటుందో ఇవన్నీ కలిపి చూసి ఎంచుతారు. మీరు ల్యాబుల్లో చదివేదాన్ని వాళ్లు చేలో చేస్తున్నారు.

మన దగ్గర విత్తనం ఎవరింట్లో ఉంది? ఆలోచించండి. మీ ఇంట్లో ఉందా? దుకాణంలో ఉంది. ప్యాకెట్‌లో ఉంది. ప్రతి జూన్‌లో మీ నాన్నగారు దుకాణానికి పోతారు, దుకాణదారు ఏది చెప్తే అది తెస్తారు. కల్తీ అని తేలేసరికి పూత కాలం దాటిపోతుంది. మీ నాయనమ్మ చేతిలో ఉన్న విత్తనం దుకాణానికి వెళ్లిపోయిన రోజే, చేలో ఏం వేయాలో చెప్పే మాట కూడా ఆమె నోట్లోంచి పోయింది. ఇది ఎవరూ చట్టం చేసి తీసేసింది కాదు. హైబ్రిడ్ విత్తనం మళ్లీ విత్తితే మొదటి పంటలా రాదు కాబట్టి దాచుకోవాల్సిన పని లేకుండా పోయింది. దాచే మనిషికి విలువ లేకుండా పోయింది.

చట్టం సంగతి కూడా చెప్తాను, రాసుకోండి. 2001లో మన దేశం చేసిన మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టం ప్రకారం రైతు తన పొలంలో పండిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. 39వ సెక్షన్. అంటే జహీరాబాద్ ఆడవాళ్లు చేస్తున్నది చట్టం ఒప్పుకున్న హక్కు. ఈ హక్కు మీకూ ఉంది.

ఏటా సంక్రాంతి రోజు, జనవరి 14న, అక్కడ పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, వాటి మీద విత్తనాల కుండలు, బుట్టలు పెట్టి, ఊరి నుంచి ఊరికి నెలరోజులపాటు తిప్పుతారు. పాటలు, డప్పులు. ప్రతి ఊళ్లో బండి ఆగుతుంది, రైతులు కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ రకం మా ఊళ్లో పోయింది, మీ దగ్గర ఉందా అని అడుగుతారు. ఒకప్పుడు ఊరి బయటే ఉండమన్న మనుషులు విత్తనాల బండి ముందు నడుస్తుంటే, భూమి ఎక్కువగా ఉన్న రైతులు వచ్చి వాళ్లని విత్తనం అడుగుతారు. కులం గురించి మనం ఎన్నో ఉపన్యాసాలు వింటాం. ఒక పెద్ద రైతు ఒక దళిత స్త్రీ గడప ముందు విత్తనం కోసం నిలబడటం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

మైకు, కెమెరా

ఇప్పుడు పత్తి దగ్గరికి వస్తున్నాను. మీ జిల్లాకి బాగా తెలిసిన పంట.

మన దేశంలో బీటీ పత్తికి, అంటే పురుగుని తట్టుకునేలా జన్యువు మార్చిన పత్తికి, 2002 మార్చిలో అనుమతి వచ్చింది. ఆ ఏడాదే వరంగల్ జిల్లాలో చాలామంది రైతులు వేశారు, చాలామంది దెబ్బతిన్నారు. అప్పటికి జహీరాబాద్ సంఘాల్లో కొంతమంది ఆడవాళ్లు వీడియో కెమెరా నేర్చుకున్నారు. చదవడం రాయడం రానివాళ్లు, కూలి చేసుకునేవాళ్లు. వాళ్లు వరంగల్ వెళ్లారు. ఒకసారి వెళ్లి ఫొటోలు తీసుకుని రాలేదు. విత్తనం పెట్టిన దగ్గర్నుంచి పత్తి అమ్మేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి, రైతుల చేలు, వాళ్ల ఖర్చులు, వాళ్ల మాటలు చిత్రించారు. తెచ్చి జనానికి చూపించారు. వాళ్ల చిత్రాలు వేరే భాషల్లోకి వెళ్లాయి, వేరే దేశాల్లో చూపించారు. 2005 మేలో, మొదట అనుమతి పొందిన మూడు బీటీ రకాలకి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి కేంద్ర కమిటీ ఒప్పుకోలేదు. దానికి కారణం ఈ చిత్రాలొక్కటే అని నేను చెప్పను. రైతుల ఆందోళన ఉంది, రాష్ట్ర ప్రభుత్వం అడిగిన పరిహారం ఉంది, శాస్త్రవేత్తల క్షేత్ర అధ్యయనాలున్నాయి. ఆ తర్వాత వేరే బీటీ రకాలొచ్చాయి, ఇవాళ దేశంలో పత్తి దాదాపు అంతా బీటీయే, అది కూడా మీకు తెలుసు. వాళ్లు ఆపలేకపోయారు. కానీ చేలో ఏం జరుగుతోందో చెప్పే సాక్ష్యం అప్పటిదాకా కంపెనీ వాళ్ల దగ్గరే, అధికారుల దగ్గరే ఉండేది. అలాంటి సాక్ష్యాన్ని కూలి ఆడవాళ్లు సొంతంగా తయారుచేశారు. ఓడిపోయిన పోరాటమైనా సరే, దాన్ని నేను ఎంతో గౌరవంగా చెప్తున్నాను.

వాళ్లు కెమెరా నేర్చుకున్న పద్ధతి కూడా వినండి. కెమెరా పైనుంచి కిందకి చూస్తే దానికి పటేల్ షాట్ అన్నారు, దొర అలాగే చూస్తాడు కాబట్టి. కింద కూర్చుని పైకి చూస్తే అది బానిస చూపు. మనిషికి మనిషి ఎదురుగా, కంటికి కన్ను సమానంగా ఉంటే అది సంఘం షాట్. జర్నలిజం చదివే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రేడియో కథ ఇంకా పెద్దది. 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గాలిలో తరంగాలు ప్రభుత్వ సొత్తు కాదు, కంపెనీల సొత్తు కాదు, ప్రజల సొత్తు అని. ఆ తీర్పు రాసినవాళ్లలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. జహీరాబాద్ సంఘాల ఆడవాళ్లు 1998 నుంచే కార్యక్రమాలు రికార్డు చేస్తున్నారు. లైసెన్సు లేదు, ప్రసారం చేయడానికి లేదు. రికార్డు చేసిన క్యాసెట్లు సంఘాల్లో పెట్టి వినేవాళ్లు. 2006లో స్వచ్ఛంద సంస్థలకి కూడా కమ్యూనిటీ రేడియో, అంటే ఆ చుట్టుపక్కల జనమే నడుపుకునే రేడియో, ఇవ్వొచ్చని ప్రభుత్వం విధానం మార్చింది. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో ప్రసారం మొదలైంది. 90.4 ఎఫ్ఎం. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ జస్టిస్ సావంత్ గారే. దేశంలో స్వచ్ఛంద సంస్థకి వచ్చిన మొదటి కమ్యూనిటీ రేడియో అది. నడిపింది ఇద్దరు దళిత యువతులు, ఇద్దరి పేరూ నర్సమ్మే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. సాయంత్రం ఏడు నుంచి. ఏడే ఎందుకు? ఆడవాళ్లు చేలోంచి వచ్చి, పొయ్యి వెలిగించి, వంట దగ్గర కూర్చునే వేళ అది. ఆ సమయం పెట్టినవాళ్లకి ఆ వేళ తెలుసు. ఏ విత్తనం ఎప్పుడు పెట్టాలి, ఏ పశువుకి ఏ మందాకు, పాత పాటలు, కూలి రేట్లు అన్నీ వాళ్ల యాసలో వచ్చాయి. మీలో ఎంతమందికి మీ యాస గురించి సిగ్గు పెట్టారో నాకు తెలుసు. పల్నాడు పిల్లలు నవ్వుతున్నారు.

2019లో ఈ సంఘాలకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఆ ఏడాది ప్రపంచం మొత్తంలో ఎంపికైన 22 బృందాల్లో ఇదొకటి. ఆ సంగతి పత్రికల్లో ఒక చిన్న మూలన వచ్చింది. అందరూ చదివారా అని అడగను.

ఎవరి చెమట

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి, లేకపోతే మీకు సగం కథే చెప్పినదాన్నవుతాను.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మన దేశమే ప్రతిపాదించింది. అప్పటినుంచి కొర్ర బిస్కెట్లు, సామ దోసెలు, జొన్న నూడుల్సు, బజార్లో అన్నీ వచ్చాయి. డాక్టర్లు తినమంటున్నారు. సంతోషం. కానీ పల్లెల్లో ఆడవాళ్లు కొర్రలు, సామలు వదిలేయడానికి ఉన్న కారణాల్లో ఒకటి ఎవరూ చెప్పరు. ఆ గింజ పొట్టు ఊడదు. దంచాలి. రోట్లో వేసి, రోకలి పట్టుకుని, తెల్లవారుజామున దంచాలి. చెరగాలి. మళ్లీ దంచాలి. వడ్లకి ప్రతి ఊళ్లో మిల్లు వచ్చింది. కొర్రలకి, సామలకి ఎన్నాళ్లకో గానీ రాలేదు, చాలా ఊళ్లలో ఇప్పటికీ లేదు. బియ్యం అన్నం వండుకుంటే ఆమెకి రోజుకి రెండు గంటలు మిగిలాయి. ఆ రెండు గంటల్నీ తప్పు పట్టే హక్కు మనకి ఉందా? పట్నంలో కూర్చుని, పాత తిండి ఎంత గొప్పదో అని మాట్లాడేవాళ్లని నేను అడుగుతుంటాను. ఆ పాత తిండి ఎవరి భుజాల మీద వచ్చేది? నేల బాగుపడాలి, నీళ్లు మిగలాలి, నిజమే. కానీ అది ఆడవాళ్ల నడుం విరిచి బాగుపడకూడదు. పొట్టు తీసే చిన్న యంత్రం, అది సంఘం చేతిలో ఉండటం, ఊళ్లోనే కొనుగోలు, రేషన్ షాపులో జొన్న. 2013 ఆహార భద్రతా చట్టంలో చిరుధాన్యాలు ఇవ్వొచ్చని ఉంది. ఇస్తున్నారా? మీ ఊరి రేషన్ షాపులో చూసి చెప్పండి.

రెండోది భూమి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల చేతిలో ఉన్నవి దాదాపు 14 శాతం. విస్తీర్ణంలో చూస్తే 12 శాతం కన్నా తక్కువ. మీ ఊరి చేలో మధ్యాహ్నం పూట పోయి చూడండి, మిరపకాయ కోసేది, పత్తి తీసేది, నాటు వేసేది, కలుపు తీసేది ఎవరు? పాసుపుస్తకం మీద ఎవరి పేరుంది? పాసుపుస్తకం లేకపోతే పెట్టుబడి సాయం రాదు, పంట అప్పు రాదు, నష్టపరిహారం రాదు. రైతు అని పిలవరు కూడా. రైతు కూలీ అంటారు, రైతు భార్య అంటారు. ఇక్కడ కౌలు చేసే కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం భూమి గల ఆసామి సంతకం పెడితేనే కౌలు కార్డు. ఆ సంతకం ఒంటరి ఆడమనిషికి ఎంత కష్టమో మీ ఊళ్లో కనుక్కోండి.

జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక జోన్ కోసం 12 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకోవాలన్న పథకం ఉంది. సంఘాలున్న మండలాలే. అసైన్డ్ భూమికి పూర్తి హక్కు లేదని, మామూలు పట్టా భూమికున్నంత బలం లేదని మీకు తెలుసు. నలభై ఏళ్లు కంకర ఏరి, కట్టలు పోసి, చెరువు మట్టి తోలి, ఎరువు మోసి బాగుచేసుకున్న ఎకరం అది. అది పోతే బదులుగా వచ్చే డబ్బుతో అలాంటి నేల ఎక్కడ కొంటారు? పరిశ్రమలు వద్దు అని నేను అనడం లేదు. మీ అన్నయ్యలకి, మీకు ఉద్యోగాలు కావాలి. కానీ ఆ భూమి గురించి మాట్లాడే గదిలో, బల్ల దగ్గర, ఆ విత్తనాల ఇళ్ల ఆడవాళ్లు ఉండాలి. బయట టెంటు కింద కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని, బీల అనే చిత్తడి నేలల కోసం జనం నిలబడ్డప్పుడు, 2010 జులైలో పోలీసు కాల్పుల దాకా వచ్చింది. అక్కడా ముందు వరసలో ఆడవాళ్లున్నారు. దెబ్బలు తినేటప్పుడు ముందు వరస, చర్చలకి పిలిచేటప్పుడు చివరి వరస. ఇది మారాలి.

మీకొక చట్టం చెప్పి ముగించేస్తాను, టైమ్ అయిందని మేడమ్ గారు చూపిస్తున్నారు. హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు దేశమంతా వచ్చింది 2005లో. మన ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 నుంచే ఉంది. పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా అని సంతకం పెట్టించుకుంటారు. మీరు వచ్చే కొన్నేళ్లలో అలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టాల్సి వస్తుంది. చదవకుండా పెట్టకండి. ఎకరం కాకపోతే అర ఎకరం, మీ పేరు మీద ఉంచమని అడగండి. మీరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినా సరే. ఆ అర ఎకరంలో ఏం వేయాలో అప్పుడు మీరు తేల్చవచ్చు.

జాతరకి వెళ్లాలనుకునేవాళ్లు సంక్రాంతి సెలవుల్లో చూసుకోండి. హైదరాబాద్ నుంచి జహీరాబాద్‌కి బస్సులు బాగానే ఉన్నాయి, పస్తాపూర్ టౌన్‌కి ఆనుకునే ఉంటుంది. జాతర ఏ రోజు ఏ ఊళ్లో ఉందో అక్కడ అడిగితే చెప్తారు. నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఫొటో తీసే ముందు ఆమెని అడగండి.

ఇక మీ ప్రశ్నలు. ఒక చీటీ వచ్చింది, పేరు రాయలేదు. మా నాన్న రెండెకరాల మిర్చి అప్పు చేసి వేశారు, ఆయన్ని ఇరవై పంటలు వెయ్యమని ఎలా చెప్పను అని. ఇది చాలా మంచి ప్రశ్న, దీంతోనే మొదలుపెడదాం. రెండెకరాలూ ఒకేసారి మార్చమని చెప్పకమ్మా. గట్టు వెంబడి కంది, మూల మీద పది సెంట్లు మీ అమ్మకి వదలమని చెప్పు. ఆ పది సెంట్లలో ఏం వేయాలో మీ అమ్మే ఎంచుకోనీ. తర్వాతి ప్రశ్న ఎవరిది? లేచి గట్టిగా అడుగు.